పంపు దగ్గరి బొట్టు

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, దసరా వెళ్ళిన మర్నాడు, విజయవాడ ఆటోనగర్‌లోని మా సర్వీసు సెంటరులో ‘తిరిగొచ్చిన బళ్ళ’ పని నాకు అప్పగించారు. అంటే బాగుచేసి పంపాక మళ్ళీ అదే జబ్బుతో వచ్చే కార్లన్నమాట. అప్పటిదాకా ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. కొత్త పనిలో నా సంతకం పడ్డాక ఆ బండిని ఇంకెవరూ ముట్టుకోరు. ఆ సంతకమంటే నాకు కాస్త గర్వంగానే ఉండేది.

మొదటి బండి ఉయ్యూరు నుంచి వచ్చింది. యజమాని రామకోటయ్య గారు చెరకు రైతు. డ్రైవరు వీరయ్య పదకొండేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నాడు. కూలెంటు తగ్గిపోతోందని కంప్లయింటు. ఇంజన్‌ని చల్లబరిచే గులాబీ రంగు ద్రవం అది. లీకు లేకపోతే డబ్బాలో గీత దగ్గర ఎప్పుడు చూసినా అంతే ఉండాలి. ఈ బండిలో పది రోజులకి వేలెడు తగ్గుతోంది, నేల మీద మాత్రం ఒక్క చుక్క కనపడదు.

వీరయ్య ఇంజన్ వేడి మీద ఉండగా డబ్బా మూత తీసేస్తుంటే కూలెంటు ఆవిరైపోతోందని రామకోటయ్య గారి అనుమానం. అంతకు వారం ముందే బండి వేడెక్కిపోయి, కంకిపాడు దగ్గర మనవరాలితో ఎండలో నిలబడాల్సి వచ్చిందట. “లీకు లేదని మీరు రాసిచ్చారంటే తప్పు మావాడిదేనండీ. ఇవ్వాళే మాన్పించేస్తా” అన్నారు. వీరయ్య పక్కనే ఉన్నాడు. “మూత నేను తియ్యలేదండీ” అని ఒక్క మాట అన్నాడు, అదీ బండి వైపు చూస్తూ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా షెడ్డుని ఒక మత్తు కమ్మేసేది. రేకుల సందుల్లోంచి దిగిన ఎండలో దుమ్ము తీరిగ్గా తేలుతుండేది. ఎక్కడో సుత్తి దెబ్బ ఒకటి పడేది, రెండోది పడేలోపు నేను ఆ మొదటిది నిజంగా విన్నానా అనిపించేది. అలాంటి వేళ పరీక్ష మొదలుపెట్టాను. చల్లారిన ఇంజన్‌కి మూత చోట చేతిపంపు తగిలించి గాలి ఎక్కించాను. లీకుంటే మీటరు ముల్లు జారుతుంది. పావుగంట చూశాను. ముల్లు కదల్లేదు. కూలెంటు కలిసి ఆయిల్ పాలలా మారిందేమోనని చూశాను, మారలేదు. కారు లోపల కార్పెట్ కూడా పొడిగానే ఉంది. చివరికి అద్దం, టార్చీ పట్టుకుని కూలెంటుని ఇంజనంతా తిప్పే వాటర్ పంపు కిందకి చూస్తే అక్కడ గోరంత ఎర్రటి పొడి.

కుంకుమ అనుకున్నాను. దసరాకి పూజ చెయ్యని బండి మా వైపు ఉండదు. పండగ తర్వాత పదిహేను రోజులు, ఇంజన్ దగ్గర బొట్టు కనపడితే మావాళ్ళు గుడ్డ పెట్టరు, నీళ్ళు కొట్టరు. ఆ పద్ధతి పెట్టింది నేనే. వేలు అతి కష్టం మీద లోపలికి దోపి, ఆ పొడి అద్దుకుని నుదుట పెట్టుకున్నాను. జాబ్ కార్డు మీద ‘లీకు లేదు’ అని రాసి సంతకం చేసి, బండి పంపేశాను. అద్దంలో తప్ప కనపడని చోట బొట్టు ఎవరు పెడతారన్న ఆలోచన నాకు రానే లేదు.

సాయంత్రం స్కూటరు మీద బందరు కాలవ పక్కనుంచి ఇంటికి పోతుంటే నీళ్ళన్నీ గులాబీ రంగులో మెరుస్తున్నాయి. ఏదో తియ్యటి వాసన ఇంటిదాకా నా వెంటే వచ్చింది. ఎవరింట్లోనో పాకం పడుతున్నారనుకున్నాను. గుమ్మంలో మా ఆవిడ నా నుదుటి వంక చూసి, “గుడికెళ్ళారా? ఇదేం కుంకుమండీ, జిగురుగా కారుతోంది?” అంది. తుడిచి వేలు వాసన చూసుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన వాసన. కుంకుమ కాదది, కూలెంటు.

వెంటనే వీరయ్యకి ఫోన్ చేసి బొట్లు ఎక్కడెక్కడ పెట్టాడని అడిగాను. “బానెట్ మీద, స్టీరింగుకీ పెట్టానండీ. లోపలెక్కడా లేదు” అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, “తాళాలు ఇచ్చేశానండీ” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉయ్యూరు బస్సెక్కాను. చెరకు తోటలు మంచులో మునిగి, పైన ఆకుల కొసలు మాత్రం తేలుతున్నాయి. కండక్టరు గొంతు కూడా ఎక్కడో అవతలి ఒడ్డు నుంచి వస్తున్నట్టుంది. రామకోటయ్య గారితో, వీరయ్య వస్తేనే బానెట్ ఎత్తుతానన్నాను. ఆయనకి నచ్చలేదు గానీ కబురు పెట్టారు. వీరయ్య వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. నేనే వెళ్ళి తీసుకొచ్చాను.

పంపు కింద తెల్లగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంజన్ స్టార్టు చేయించాను. ఆ పంపుకి కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంటు అందులోంచి బయటికొస్తుంది. ఆగి ఉన్నప్పుడు సీలు పట్టుకునే ఉంది, తిరిగేటప్పుడే వదులుతోంది. నేను చేసిన పరీక్ష ఆగి ఉన్న ఇంజన్ మీద. ఫ్యాన్ తిరగడం మొదలయ్యాక అద్దంలో ఒక బొట్టు ఊరింది. కిందపడేలోపే వేడి ఇనుము మీద ఆరిపోయి ఎర్రటి పొడి మిగిలింది.

“అచ్చం కుంకుమలా ఉందేంటండీ!” అన్నారు రామకోటయ్య గారు.

“నిన్న నేనూ అలాగే అనుకుని బొట్టు పెట్టుకున్నానండీ” అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన వంగి ఆ మచ్చని మళ్ళీ ఒకసారి చూశారు. తర్వాత ఇంజన్ ఆపి, తాళాలు తీసి వీరయ్య చేతిలో పెట్టారు. బండి అతనే ఆటోనగర్ తోలాడు. పంపు, దాని గాస్కెట్ మార్చి, కొత్త కూలెంటు పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపాం. చల్లారాక గీత చూసి కొత్త కార్డు రాశాను. లీకు పంపు సీలు దగ్గర ఉందనీ, నిన్నటి రిపోర్టు నా పొరపాటనీ రాసి సంతకం పెట్టాను. వీరయ్య దాన్ని రెండుసార్లు చదివి, “ఇది నాకిస్తారాండీ? మా ఇంట్లో చూపించాలి. నిన్నటిది వాళ్ళూ నమ్మారు” అన్నాడు.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ కార్డు మీదా ‘లీకు లేదు’ అని నేను రాయలేదు. ‘నాకు కనపడలేదు’ అని రాశాను. ఇంజన్ వేడిగా ఉండగానా, చల్లగా ఉండగానా, తిరుగుతుండగానా, ఆగి ఉండగానా చూశానన్నది దాని పక్కనే రాసేవాణ్ణి.