వాంపైర్ చెల్లెలితో, ముత్తవ్వ తలదాచుకున్న ఊరికి

మా పిన్ని కూతురు స్వప్న తాను వాంపైర్‌నని చెప్పుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. సినిమాల్లోలా కోరలేమీ లేవు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది, ఎండ పడదు, ఎప్పుడూ నీరసం. నలుగురి మధ్య కూర్చుంటే వాళ్ల బలం తనలోకి వస్తుందంటుంది. ఇలాంటివాళ్లకు ఫోన్‌లో ఒక గ్రూపుంది. తాము ఇలా ఎందుకయ్యామన్నదే అక్కడ రోజూ చర్చ. పుట్టుకతోనే ఆత్మ వేరని కొందరు, పోయిన జన్మ ఫలమని కొందరు, చిన్నప్పుడు జబ్బుపడ్డ ఒళ్లు ఎదుటివాళ్ల శక్తి లాక్కోవడం నేర్చుకుంటుందని ఇంకొందరు. స్వప్న మాత్రం ఇది వంశంలో వస్తుందని నమ్మింది. మా ముత్తవ్వ నెత్తురు తాగుతుందని ఊళ్లోంచి వెళ్లగొట్టారని ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవారు మరి. ఆమె కూతుళ్లలో మిగిలింది రాష్ట్ర సరిహద్దు దాటాక వచ్చే కొంటా అవతల ఉండే మా చిన్నమ్మమ్మ ఒక్కతే. "అక్కా, ఆమెను అడుగుదాం. గ్రూపులో రాస్తానని మాటిచ్చాను" అంది స్వప్న. నేనూ చిన్నమ్మమ్మను చూసి పదేళ్లు దాటింది. మార్చిలో ఒక ఆదివారం బయల్దేరాం.

నేనుండే భద్రాచలంలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే చట్టి మీదుగా ఎనిమిదిన్నరకు కొంటాలో దిగాం. టికెట్ మనిషికి వంద రూపాయల పైచిలుకు. బోర్డులన్నీ హిందీలో ఉన్నా టిఫిన్ బండి దగ్గర తెలుగే నడిచింది. పూరీ తిని, దోర్నపాల్ రోడ్డులో పన్నెండు కిలోమీటర్లకు రానూపోనూ ఆరువందలకు ఆటో మాట్లాడుకున్నాం. దారిలో పోలీసు బలగాల క్యాంపు ముందు ఒకసారి ఆపి, ఆధార్ చూసి పంపించారు. ముసుగు, నల్ల కళ్లద్దాలు, చేతులకు గ్లవ్స్‌తో కూర్చున్న స్వప్నను డ్రైవర్ అద్దంలో చూశాడు.

"ఈ మేడంకు ఎండ పడదా ఏంది?"

"నేను వాంపైర్‌ని అన్నా. అంటే నెత్తురు తాగేవాళ్లు" అంది నవ్వుతూ.

అతను నవ్వలేదు. ఆటో పక్కకు తీసి ఆపాడు. "మేడం, ఆ మాట ఈడ నవ్వులాటకు గూడ అనకండ్రి. ఆ పేరు పడ్డ ఆడోళ్లను కొట్టిన్రు, ఊరు ఇడిపిచ్చిన్రు. ఇప్పుడు కేసు అయితది గని, భయం పోలే."

చిన్నమ్మమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. మమ్మల్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది, ఆ తర్వాత చేతులు వదల్లేదు. రాగి జావ, ఎండుచేపల పులుసు పెట్టింది. తిన్నాక స్వప్న మెల్లగా అడిగింది. చిన్నమ్మమ్మ లేచి తలుపు దగ్గరకేసి వచ్చి కూర్చుంది.

"మా అమ్మ నెత్తురు తాగలే బిడ్డా. మన్ను తిన్నది. ఏడుగురిని కన్నది, ఒంట్లె నెత్తురు యాడుంటది? ఎర్రమన్ను కనవడితె ఆగకపోయేది. పొద్దుగాల వాగు గట్టు కాడ గీక్కొని తింటే మూతంత ఎర్రగయ్యేది. ఆ ఏడు జరాలొచ్చి ఊళ్లె పిల్లలు సచ్చిపోయిన్రు. ఎవడో ఆమె మూతి జూసిండు. అంతే. నన్ను సంకలేసుకొని రాత్రికి రాత్రి ఈడికొచ్చింది. సచ్చేదాంక, మూతి కడుక్కోకుంట గడప దాటలే."

స్వప్న తల దించుకునే, "నేను బలపాలు తింటానమ్మమ్మా" అంది. "చిన్నప్పుడు కాదు, ఇప్పటికీ. ఎవరికీ చెప్పలేదు." నాకూ తెలియదు. చిన్నమ్మమ్మ ఆమె నల్ల కళ్లద్దాలు తీసి, కింది రెప్ప వేలితో లాగి చూసింది. "తెల్లగున్నది. మా అమ్మకు గిట్లనే ఉండేది. నెత్తురు తాగుతవని నిన్ను ఎవడన్న అన్నడా, నువ్వే అనుకుంటున్నవా?"

"నేనే అనుకుంటున్నా."

"అయితె నయం. నువ్వు పెట్టుకున్న పేరు నువ్వు తీసేసుకోవచ్చు. మా అమ్మది ఆమె చేతుల లేకుండె."

మూడున్నరకు కొంటాలో బస్సెక్కి చీకటిపడకముందే ఇల్లు చేరాం. మర్నాడు భద్రాచలంలో రక్తపరీక్ష చేయిస్తే పన్నెండైనా ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడు దగ్గరుంది. డాక్టర్ ఐరన్ మాత్రలు రాసి, నెలలో మళ్లీ రమ్మన్నారు. "ఇదొక్కటే కారణమని ఇప్పుడే ఒప్పుకోను" అని స్వప్న నాతో వాదించింది. ఇప్పటికీ తాను వాంపైర్‌ననే అంటుంది. నేను కాదనను. కానీ గ్రూపులో వంశం గురించి సగం రాసిపెట్టుకున్నది చెరిపేసి, "మా ముత్తవ్వ మాలాంటిది కాదు. ఒంట్లో రక్తం లేక మన్ను తిన్న మనిషి" అని మాత్రం రాసింది.

మనం ఎక్కడినుంచి వచ్చామో తెలుసుకోవాలన్న తపన తప్పు కాదనే నాకిప్పటికీ అనిపిస్తుంది. కాకపోతే నా చెల్లెలు గొప్పగా వెతుక్కున్న పేరే ఒక మనిషిని బతికినన్నాళ్లూ భయపెట్టిందన్న సంగతి ఆ గదిలో కూర్చుంటేగానీ మాకు తెలియలేదు. చిన్నమ్మమ్మ దగ్గరకు ఇకమీదట ఏడాదికోసారైనా వెళ్లాలనుకున్నాం. మీరూ ఇలాంటి పాత సంగతి ఏదైనా అడగడానికి ఆ వైపు వెళ్తే, ఇంటి లోపల, తలుపు వేశాకే అడగండి. వీధిలో అడిగితే మీరు బస్సెక్కి వచ్చేస్తారు, ఆ మాట మాత్రం అక్కడి మనుషుల మీదే ఉండిపోతుంది.