జహీర్ సార్ చూపించిన అంచు

మొన్న పంజాగుట్టలో మెట్రో ఎక్కగానే పక్కనెవరి సెల్లోనో పాత ల్యాండ్‌లైన్ మోత మోగింది. నా గుండె గుభేలుమంది. ఆ ఫోన్ నాది కాదు. నిజానికి ఆ భయమూ నాది కాదు, జహీర్ సార్‌ది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్లకు ఊళ్లు అమీర్‌పేటకు కదిలొచ్చిన రోజుల్లో మాకు జావా చెప్పేవారాయన. చదివింది మాత్రం భౌతికశాస్త్రం. కరెంటు పోయి కంప్యూటర్లు ఆగితే చాలు, సుద్దముక్క పట్టుకొని నక్షత్రాల మీద పడేవారు. కరెంటు పోవాలని మేమూ మొక్కుకునేవాళ్లం. సూర్యుడికన్నా బరువైన నక్షత్రం చచ్చాక హైదరాబాదంత ఉండలా కుంచించుకుపోయి గిరగిరా తిరుగుతుందని చెప్పడానికి, తిరిగే కుర్చీలో చేతులు చాపి కూర్చొని మాచేత తిప్పించుకునేవారు. చేతులు ముడవగానే కుర్చీ వేగం పెరిగి ఒకసారి బోర్డుకు గుద్దుకున్నారు. నవ్వలేక చచ్చాం. అంత సరదా మనిషి, బయట రిసెప్షన్‌లో ఫోన్ మోగితే మాత్రం సుద్దముక్క గాల్లోనే ఆపేసేవారు. అది తనకు కాదని తెలిశాకే చెయ్యి కదిలేది. ఇంట్లో ఎవరికో బాగాలేదేమో అనుకునేవాళ్లం.

కోర్సు ముగింపుకొచ్చింది. కొత్తవాళ్లను పిలిచే కంపెనీ లేదు. పక్క వీధిలో ఒకాయన, ఎక్కడా లేని కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు పుట్టించేవాడు. అమీర్‌పేటలో దాన్ని అబద్ధం అనేవారు కాదు. ‘ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడం’ అనేవారు, బొట్టు పెట్టుకున్నంత మామూలుగా. హాస్టల్లో నా గది అమ్మాయిలంతా పెట్టుకున్నారు. ఊళ్లో నాన్న పనిచేసే మిల్లు మూతపడింది, ఇంటికి నా జీతమే దిక్కు. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు ఆ కాగితాలాయన.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. సార్ బోర్డు మీద సున్నా చుట్టారు.

“ఇగో, గిది బ్లాక్ హోల్ అంచు. గిది దాటినంక వెలుగు సుత వాపస్ రాదు.”

“దాటేటప్పుడు తెలుస్తుందా సార్?” అన్నాను.

“మస్తు పెద్దదైతే, దాటెటోనికి ఏం తెల్వదు. గోడ ఉండదు, గేటు ఉండదు. అంతా మంచిగనే అనిపిస్తది. ఎనక్కి తిరుగుదామంటేనే తెలుస్తది.”

క్లాసు ఖాళీ అయ్యాక నా సంగతంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. బయట ఫోన్ మోగింది. రిసెప్షన్ అమ్మాయి మాట్లాడటం మొదలుపెట్టేదాకా అలాగే నిలబడి, తర్వాత కూర్చున్నారు.

“నేను సుత పెట్టుకున్న బేటా. మంచి కంపెనీ, పని సుత మంచిగనే చేసిన. కానీ టేబుల్ మీద ఫోన్ మోగితే చాలు, నా పాత కొలువు గురించి అడుగుతరని భయం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునుడే. ఎవరు పట్టుకోలే. నేనే వదిలేసి వచ్చిన.”

“వదిలేశారుగా సార్, ఇంకా భయమేంటి?”

“గదే నాకు సుత సమజ్ కాదు.”

“మరి నన్నేం చేయమంటారు?”

“గది నేను చెప్ప. అంచు యాడుందో చూపిచ్చిన, అంతే.”

ఆ సాయంత్రం నేను కాగితాలాయన దగ్గరికి వెళ్లలేదు. ధైర్యం అనుకోకండి, ఒట్టి పిరికితనం. తర్వాత ఏడాదంతా ఉద్యోగం లేక సార్‌ను మనసులో తిట్టని రోజు లేదు. నాన్న ఫోన్‌లో ఉద్యోగం మాట ఎత్తడం మానేశాడు. అది మరీ నరకం. చివరికి చిన్న కంపెనీలో చిన్న పని దొరికింది. సార్‌కు చెబుదామని స్వీట్ల పెట్టెతో వెళ్తే ఇన్‌స్టిట్యూట్ లేదు. అక్కడ ఇంకేదో బోర్డు. సార్ ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఆ స్వీట్లు బస్‌స్టాప్‌లో కూర్చొని నేనే తిన్నాను, ఏడుస్తూ.

మెట్రోలో ఆ మోత ఆగిన కాసేపటికి నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. అలాంటివి ఎప్పుడొచ్చినా మొదటి మోతకే ఎత్తుతాను. ఎత్తి, దాచుకోవాల్సిందేమీ లేదు కాబట్టి, అవతలివాళ్లు అడక్కముందే నా పూర్తి పేరు చెబుతాను.