అత్త కొంగు, సునీల మెనూ

బాపట్ల దగ్గర చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన సునీలకి తెనాలిలో మొబైల్ యాప్‌లు చేసే చిన్న ఆఫీసులో ఉద్యోగం. చేపలమ్మే ఆడవాళ్ళ కోసం ఒక యాప్ చెయ్యమన్నారు. మామూలు మెనూ అయితే ఒకసారి నొక్కి తెరవాలి, మళ్ళీ నొక్కి ఎంచుకోవాలి. తడి చేతులకి ఆ రెండో నొక్కు మొండికేస్తుంది. అందుకని సునీల సొంతంగా ఒకటి తయారుచేసింది. వేలు ఆనిస్తే చేపల పేర్లు తెరుచుకుంటాయి. ఎత్తకుండా కావలసిన పేరు మీదికి జరిపి వదిలేస్తే చాలు. దాన్ని చూసుకుని పిల్ల మురిసిపోయింది. మురవదా మరి, తిండీ నిద్రా మానుకుని చేసిందాయె.

తీరా వాడి చూడమంటే రేపల్లె చేపల మార్కెట్లో ఎవరూ ముందుకు రాలేదు. మేనత్త వెంకాయమ్మ ఒక్కతే సరేనంది. ఇళ్ళవాళ్ళు ఫోన్ చేసి అడిగిన చేపని ఆమె యాప్‌లో ఎంచితే, ఐసు పెట్టెల దగ్గరుండే మామయ్య చౌడయ్య తన ఫోన్లో చూసి ఆటోలో పంపిస్తాడు.

వారం తిరక్కుండానే కొంప మునిగింది. బాలింత ఉన్న ఇంటికి సొరచేప వెళ్ళాల్సింది, పీతలు వెళ్ళాయి. తల్లికి పాలు పడాలని సొరపిట్టు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఊరుకుంటారా? ఏళ్ళ తరబడి వెంకాయమ్మ దగ్గరే కొనే ఇల్లది. ఇక వేరేచోట చూసుకుంటామన్నారట. ఆ మాట చౌడయ్యే ఫోన్ చేసి సునీలకి చెప్పాడు.

మర్నాడు రైలెక్కి రేపల్లె వెళ్ళి అత్త పక్కన పీట వేసుకుని కూర్చుంది. తప్పెక్కడో కాసేపట్లోనే కనబడింది. పేరు ఎంచుకోగానే అత్త తడిసిన ఫోన్ని కొంగుతో ఒక్క తుడుపు తుడుస్తోంది. ఆ మార్కెట్లో అందరికీ ఉన్న అలవాటే. సునీలగారి గొప్ప మెనూ ఆ తుడుపుని కూడా వేలు జరపడమే అనుకుని ఇంకో పేరు పట్టేసుకుంటోంది. చిన్నప్పట్నించీ చూసిన కొంగుని మరిచిపోయినందుకు సునీలకి తనమీద తనకే కోపం వచ్చింది.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి సరిచేసింది. ఇప్పుడు పేరు మీద వేలు కాస్త నిలిస్తేనే లెక్క, ఆగకుండా జారిపోతే మెనూ నోరు మూసుకుంటుంది. వెంకాయమ్మ అటూ ఇటూ గట్టిగా తుడిచి చూసింది. ఏ పేరూ పడలేదు.

ఆ ఇంటికి వెళ్ళి తప్పు యాప్‌దేనని చెప్పొస్తానని సునీల లేచింది. అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నిన్ననే సొర పట్టుకెళ్ళి ఇచ్చొచ్చానమ్మా. నా చెయ్యే పొరపాటు పడిందని చెప్పా."

"నీ తప్పు కాదు కదత్తా."

"నన్నయితే నాలుగు మాటలని ఊరుకుంటారు. నువ్వు చేసింది పనికిరాదన్న మాట బజార్లో పడితే, ఇంకెవరు ముట్టుకుంటారే దాన్ని?"

ఇలాంటి మనిషి తనకి మేనత్త అయినందుకు సునీల మనసులోనే దణ్ణం పెట్టుకుంది. వెంకాయమ్మ అప్పటికే పక్క తట్ట ఆమెకి ఫోన్ చూపిస్తూ, మా అన్న కూతురు చేసింది, నువ్వూ పెట్టించుకో అంటోంది.