అడవికోళ్లకు చల్లిన కొర్ర

నా చిన్నప్పుడు, వానలు మొగం చాటేసిన ఒక ఏడు, అమ్మానాన్న కోసిగి దగ్గరి మా ఊరు విడిచి బెంగుళూరు వైపు పనికి పోయారు. పోతూ పోతూ నన్ను ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఉండే మా అవ్వ దగ్గర వదిలారు. అవ్వంటే అమ్మను కన్నతల్లి. అమ్మ కోసం కొన్నాళ్లు ఏడ్చాను. తరవాత అమ్మ మొగమే నాకు మెల్లగా మాసిపోయింది.

అవ్వ చేను అడవిని ఆనుకుని ఉండేది. చేనంతా ఏం వేసినా, అడవి పక్క కొసను మాత్రం విడిచిపెట్టి అందులో కొర్ర చల్లేది. అది అడవికోళ్లకు. ఊళ్లో అందరూ మంచెలెక్కి పిట్టల్ని తోలుతుంటే, ఈమె వాటికోసమే విత్తనం చల్లడం చూసి పక్కచేని మామ ఎగతాళి చేసేవాడు.

"ఏమత్తా, మేం తోలి తోలి గొంతులు పోగొట్టుకుంటాంటే, నువ్వు పేరంటానికి పిలుస్తాండావే!"

"వాటి పాలు వాటికి పెడితే మన పాలి జోలికి రావప్పా" అనేది అవ్వ. అదెంత నిజమో నాకిప్పటికీ తెలియదు. వాటిని చూడనిదే ఆమెకు తెల్లవారేది కాదన్నది మాత్రం నిజం.

కంకులు వంగాక రోజూ పొద్దున్నే గట్టు మీద ఒకే దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లం. కొండ ఇంకా నీలంగా, నిద్రలో ఉన్నట్టు ఉండేది. మంచులోంచి ముందు కూత వినిపించేది. ఆ తరవాత పొదల మధ్య ఒక మెడ, దాని మీద పసుపు చుక్కల ఈకలు. పుంజు వెనక పెట్టలు, వాటి వెనక పిల్లలు. నేను కంటున్నది కలో నిజమో తెలిసేది కాదు.

మొదటిరోజు ఆగలేక "బా బా" అంటూ పరుగెత్తాను. రెక్కల చప్పుడు, ఆపైన ఒట్టి మంచు. నేను ఏడుస్తుంటే అవ్వ ముక్కు తుడిచింది.

"పిలిస్తే వచ్చేదానికి అవేమన్నా ఊరకోళ్లా? గింజ పెట్టి, సూడనట్ల కూసో. బుద్ధి పుడితే అవే వస్తాయి."

ఆ కొర్ర ఉండగానే ఒక మధ్యాహ్నం ఎవరో ఒకామె వాకిట్లోకి వచ్చి, మూట కింద పడేసి, నన్ను ఎత్తుకోబోయింది. నేను కెవ్వుమని అరిచి ఆమె చెయ్యి కొరికి గాదె వెనక దూరాను. ఎంత పిలిచినా బయటికి రాలేదు.

"నన్ను మర్సిపోయిందిమా" అని ఆమె ఏడ్వడం లోపలినుంచి విన్నాను.

"అడవికోడి యెట్ల దిగుతాదో నీకు సెప్పలేదా నేను?" అంది అవ్వ.

మర్నాడు మెలకువ వచ్చేసరికి అవ్వ పక్కలో లేదు. అలవాటుగా చేనికి నడిచాను. గట్టు మీద దుప్పటి కప్పుకుని ఆమె కూర్చుని ఉంది, అవ్వ కాదు. ఒళ్లో వేయించిన శనక్కాయలు. చూపు అడవి వైపు. కొర్రలో కోళ్లు మేస్తున్నాయి. నేను పరుగెత్తితే అవి లేచిపోతాయి, అందుకని దూరంగా కూలబడ్డాను.

ఆమె నావైపు చూడలేదు. గుప్పెడు కాయలు గట్టు మీద, మా ఇద్దరి మధ్య పెట్టింది. తిన్నాను. ఇంకో గుప్పెడు కొంచెం ఇవతల. మంచు కరిగేలోపు నేను దుప్పట్లో ఉన్నాను. ఆ వాసన నాకు తెలుసు. అప్పుడు కూడా అమ్మ తల తిప్పలేదు. భుజాలు మాత్రం కదిలాయి. కోళ్లు ఒక్కటి కూడా ఎగరలేదు.

ఇప్పుడు డోన్ నుంచి నా మనవరాలు వచ్చినప్పుడల్లా మొదటిపూట తలుపు వెనకే ఉంటుంది. మా ఇంట్లోవాళ్లు "అవ్వ దగ్గరికి పోమ్మా" అని తొందరపెడతారు. నేను వాళ్లను ఊరుకోమంటాను. ఒళ్లో శనక్కాయలు పోసుకుని వీధివైపు చూస్తూ కూర్చుంటాను. పాదాల చప్పుడు వెనకనుంచి దగ్గరవుతున్నప్పుడు తల తిప్పకుండా ఉండటం ఎంత కష్టమో! ఆ పొద్దు అమ్మ దాన్నెలా ఓర్చుకుందో అనుకుంటాను, ప్రతిసారీ.