నేను కడిగిన పన్నెండు సీసాలు

“మేడం, సీసాలు దేంతో కడిగారు?” అని హైదరాబాదు ల్యాబు సారు ఫోన్లో మరీ మెల్లగా అడిగినప్పుడే ఏదో తప్పు చేశానని అర్థమైంది. పన్నెండు మంది కడుపుల్లోని కోట్ల ప్రాణాలను ఒక్క మధ్యాహ్నంలో నేనొక్కదాన్నే తుదముట్టించిన కథ ఇది.

అప్పుడు మేం బూర్గంపాడులో ఉండేవాళ్ళం. దగ్గరి అడవి ఊళ్ళో జొన్న అంబలి తాగేవాళ్ళ మలం సేకరించి మంచు డబ్బాలో ల్యాబుకు పంపడం నా ఉద్యోగం. అక్కడ అందులోని క్రిములకు గాజు పాత్రలో జొన్నపిండి పెట్టి, పేగుల్లో లాగే పులియబెట్టి చూస్తారట. ఎంత వింత! శిక్షణ రోజున చంటిదానికి జ్వరమని నేను వెళ్ళలేదు.

“బ్లీచింగ్ నీళ్ళతో సార్. మీరు పంపిన సీసాల అడుగున ఏదో జిగటగా ఉంటే పారబోసి, శుభ్రంగా...”

“ఆ జిగటే క్రిములకు దుప్పటి మేడం! గడ్డకట్టే చలిలో అవి చావకుండా కాపాడేది అదే. ఒక్కటీ బతకలేదు. సోమవారానికి మళ్ళీ పన్నెండూ రాకపోతే మన పని ఆగిపోతుంది.”

మొదటిసారి అడగడానికే సిగ్గుతో మూడు రోజులు పట్టింది. మళ్ళీ ఏ మొహంతో అడగను? కొత్త సీసాలు పట్టుకుని, ఊరంతా ఎవరి మాట వింటుందో ఆ ముసలవ్వ ముందు నిలబడ్డాను.

“పోయినసారి ఇచ్చింది ఏంజేసినవ్ బిడ్డా?”

“అందులో పురుగులుంటయ్ అవ్వా, మంచియి. నా చేతుల చచ్చిపోయినయ్.”

“మంచియైతే ఎందుకు సంపినవ్?”

“సీసాలు కడిగిన.”

అవ్వ నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది. “ఓ పిల్లా, గా పనికి గంత సోకా? సరే, ఇస్తం. ముందు నువ్వియ్యి.”

“నేనా?”

“అవ్. మాయన్నీ సూస్తిరి, నీదేంది దాపరికం?”

ఇచ్చాను. పదమూడు సీసాలు వెళ్ళాయి. వారానికి సారు ఫోను.

“మేడం, పన్నెండూ బ్రహ్మాండంగా పొంగుతున్నాయి! ఆ పదమూడోది ఎవరిది? జొన్నపిండి చూసి బెదిరిపోయినట్టుంది, కదలడం లేదు.”

“ఎవరో చుట్టపుచూపుగా వచ్చినామె సార్” అన్నాను.

ఇక ఈ జన్మలో ఎవరి సీసా అయినా సరే, బురద కారుతున్నా సరే, కడగనని ఆ ఫోను మీదే చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున గ్లాసులు ముందు పెట్టి పిల్లలతో చెప్పాను: “తాగండి నాన్నా, అంబలి. మొహాలట్లా పెట్టకండి, అమ్మ కడుపులో జొన్నలు తినే క్రిములెవరూ లేరట. మీ కడుపుల్లోనైనా నలుగురిని ఉండనిద్దాం.”