గడప మీద సుత్తి

కోరుట్లలో అక్కావాళ్లు ఇల్లు కడుతుంటే, గడప చెక్క నేనే ఇస్తానని గొప్పగా చెప్పేశాను. తల్లిగారింటి గుర్తు ఆ ఒక్కటైనా ఉంటుందని అక్క సంబరపడింది.

నేను జగిత్యాల దగ్గర ఒక కలప కార్ఖానాలో పనిచేస్తాను. అక్కడ గాలి తగలని గదిలో కలపను బాగా వేడిచేస్తారు. రంగు చింతగింజలా ముదురుతుంది కానీ, ఆ చెక్క వానకు అంతగా ఉబ్బదు. వేడి ఎక్కువైతే మాత్రం బలం పోతుంది. అది తేల్చడమే నా పని. చెక్కను విరగ్గొట్టక్కర్లేదు. ఒక కొసన చిన్న సుత్తితో కొడితే, రెండో కొసన పెట్టిన మైకు ఆ మోతను పట్టుకుంటుంది. మోతనూ బరువునూ బట్టి ల్యాప్‌టాప్ గట్టిదనం చెబుతుంది.

దర్వాజ నిలబెట్టే రోజు పొద్దున్నే గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. సిరిసిల్ల నుంచి వచ్చిన బావ వాళ్ల చిన్నాన్న దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"గిట్ల కాలిన కట్టె కడపకు పెడ్తరా? ఇంటికి మంచిదేనా గిది?"

చుట్టాలంతా అక్క వైపు చూశారు. నా పనిని ఎవరైనా మాటంటే నేను మనిషిని కాను. "కాలలే మామా, వేడి చేసిండ్రంతే. సూపిస్త, ఆగుండ్రి" అని కారులోంచి సామాను తెచ్చాను. మైకు పెట్టి సుత్తితో కొట్టాను. మోత సరిగా అందలేదని మళ్లీ మళ్లీ కొట్టాను. పసుపు రాలుతోంది.

"తమ్మీ, ఇగ ఆపురా" అంది అక్క. వినలేదు. లెక్క తేలాక ల్యాప్‌టాప్ అందరి వైపూ తిప్పి, "సూడుండ్రి, మంచిగున్నది" అన్నాను.

ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ నా చేతిలోని సుత్తి మీదే ఉన్నాయి. కాలు కూడా తగలనివ్వని గడపను, పసుపు రాశాక, అందరి ముందూ కొట్టానని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అక్క వాళ్ల అత్తమ్మ వచ్చి గడపను తాకి కళ్లకద్దుకుంది. రాలిన చోట మళ్లీ పసుపు రాసింది. "కోడలు తల్లిగారింటి నుంచి అచ్చింది. గిదే పెడ్తం" అంది. ఆమె నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. అక్క వంగి ఆమె కాళ్లు మొక్కింది, నేను చేసినదానికి.

పోయిన వారం ఆ ఇంటికి వెళ్లాను. గడప చక్కగా ఉంది, ఎక్కడా సొట్ట లేదు. ఈ పరీక్షతో చెక్కకు ఏమీ కాదు. అక్క లోపలికి రమ్మని పిలుస్తూనే ఉంది. ఆ గడప దాటడానికి నాకు కాలు లేవలేదు. బయటే కూర్చుని చాయ్ తాగి వచ్చేశాను.