అవ్వ తలగుడ్డ

నా చిన్నప్పుడు మా అవ్వ తలగుడ్డ విప్పగా ఎన్నడూ చూడలేదు. పడుకునేటప్పుడు కూడా తువ్వాలు బిగించి కట్టుకునే ఉండేది. ఎందుకవ్వా అంటే మాట మార్చేది.

మాది మాన్వి అనే ఊరు. కాలువ నీళ్ళొచ్చి పత్తి బాగా పండుతున్న రోజులవి. పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లులో అవ్వ ఎన్నో ఏళ్ళుగా కూలి చేసేది. ఆ ఏడు మా అమ్మ కూడా చేరింది. పొద్దున్నే బయలుదేరే ముందు అవ్వే అమ్మ కొంగును నడుముకు చుట్టి గట్టిగా చెక్కేది. మిల్లు సావుకారొచ్చినా దేవుడొచ్చినా విప్పొద్దనేది. అమ్మకది నచ్చేది కాదు. మా వైపు ఆడవాళ్ళు పెద్దల ఎదుట నెత్తిన కొంగు లేకుండా నిలబడరు.

"కొంగు కప్పుకోకుంటే మా అమ్మ ఏం నేర్పలే అంటరు గద అత్తా," అని అమ్మ గొణిగేది. ఎవరొచ్చినా కొంగు కప్పుకోని అవ్వకు పొగరని మిల్లులో అప్పటికే పేరుంది.

ఒక మధ్యాహ్నం అమ్మకు సద్ది తీసుకుని వెళ్ళాను. లోపల యంత్రాన్ని తిప్పే తోలు పట్టా తిరుగుతుంటే కాళ్ళకింద నేల అదురుతోంది. ఎందుకో ఆ రోజు గడప దాటబుద్ధి కాలేదు. అంతలో సావుకారు వచ్చాడు. ఆడవాళ్ళంతా గబగబా కొంగులు లాగి తలమీద కప్పుకున్నారు. అమ్మా లాగింది. సిగ్గుతో పక్కకు తిరిగింది. ఆమె వీపు వెనక జానెడు దూరంలో పట్టా. ఆ గాలికి కొంగు అంచు అటే ఎగురుతోంది.

అవ్వ ఉరికొచ్చి అమ్మను జబ్బ పట్టి ఇవతలికి గుంజింది. తన తలగుడ్డ పీకి పట్టామీదికి విసిరింది. కన్నుమూసి తెరిచేలోగా అది చక్రంలోకి పోయింది. అవతల పేలికలు పడ్డాయి. అప్పుడు చూశాను అవ్వ తలను. చెవి పైనుంచి నడినెత్తి దాకా ఒక్క వెంట్రుక లేదు, ముడతలు పడి మెరిసే తోలు.

"నాకు నెత్తి తోలుతోనే పోయింది. నీకు పాణమే పోతది. చెక్కుకో," అంది, సావుకారు ఎదుటే.

అతని తండ్రి మిల్లులోకొచ్చిన ఒకనాడు కొంగు కప్పుకోబోతే, పట్టా దాన్ని జుట్టుతో సహా గుంజి అవ్వకు అలా అయిందని ఆ సాయంత్రం తెలిసింది.

మొన్న పిండి గిర్నీ దగ్గర మా కొత్త కోడలు నన్ను చూసి మర్యాదకని కొంగు విప్పబోయింది. చెయ్యి పట్టుకుని అరిచాను. బెదిరిపోయింది పాపం. ఇంటికొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని అవ్వ సంగతంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నా చెయ్యి నా నడుముకు చెక్కుకున్న కొంగును తడుముతూనే ఉంది. ఇంట్లో ఏ మిషనూ తిరగడం లేదు.